అస్తరు

రూవీ సందులో అబాయాలు కుట్టేదాన్ని.
మూడు రాత్రుల పనికని నాటకశాలకు పిలిచినారు,
రాత్రికి ఎనిమిది రియాళ్ళు, వచ్చేపోయే బండి వాళ్ళదే.
స్పెయిన్ నుంచి ఒక నటి వచ్చింది, వెంట ఒక పెట్టె,
పెట్టెలో నల్లగౌను ఒక్కటే.

గౌను తిరగేసినాను.
బట్ట సంగతి పైనుంచి చూసి ఎవరు చెప్పగలరు?
అస్తరు మీద చెరగని సిరా, తలా ఒక చేతిరాత,
ఊరు, ఏడాది. మళ్ళీ ఊరు, ఏడాది.
కూడబలుక్కుని చదివినాను: కాదిజ్, మాడ్రిడ్, బ్యూనస్ ఐరిస్.
నడుము దగ్గర విప్పి కుట్టిన గీతలు
లెక్కబెడితే తొమ్మిది.
నాకు ఆ భాష రాదు. కుట్టు వచ్చు.

మొట్టమొదటి బిగువు పంతొమ్మిదేళ్ళ పిల్లది,
రాత్రిపూట తినడం మానేసి పట్టించుకున్న నడుము.
ఆ పక్కనే నాలుగు వేళ్ళ వదులు:
ఐదో నెల దాకా ఆడినట్టుంది.
రెండు నెలలు తిరక్కుండా మళ్ళీ బిగించేసినారు.
దాని గురించి అస్తరు కూడా ఏమీ రాసుకోలేదు.

ఆ తర్వాత పదకొండేళ్ళు ఏ ఊరి పేరూ లేదు.
సినిమాలంట. లైట్ల కుర్రాడు షిజు ఫోన్లో చూపించినాడు:
గుర్రం మీద, కిటికీ దగ్గర, ఎవరికోసమో వానలో.
తొలి సినిమాలో మొహం ఈమెది, గొంతు వేరేవాళ్ళది.
పోనుపోను పోలీసు కథల్లో
శవాన్ని గుర్తుపట్టే తల్లి.
ఇంకొన్నేళ్ళకు, ఆ శవం.

మళ్ళీ గౌనుకే వచ్చింది.
అప్పటికి రెండు పక్కలా కొత్తగుడ్డ వేసినారు,
నలుపు నలుపుతో కలవలేదు.
దీపాల్లో కనపడదులే అనుకుని ఉంటారు.

పేరు అంపారో. అంటే ఆసరా అని
షిజు ఫోన్నే అడిగి చెప్పినాడు.
డెబ్భై ఒకటి. అద్దం ముందు జోళ్ళు విప్పి
బొటనవేలికి పట్టీ వేసుకుంటా ఖర్జూరం నమిలేది,
గింజను నా అరచేతిలో పెట్టేది, చెత్తబుట్ట కనపడక.

మా నాయన చిట్వేలి నాటక సమాజంలో
కిరీటాలకు తళుకు అతికేవాడు.
పద్యం మరిచిన ధర్మరాజుకి
పక్కదెర చాటునుంచి ఎత్తుగడ అందించేవాడు.
గొంతు కాదమ్మీ, ఊపిరి అందియ్యాల, అనేవాడు.

రెండో రాత్రి నడిమధ్యలో ఆమె ఆగిపోయింది.
పైన తెరమీద అరబ్బీ అక్షరాలు
ఆమె ఇంకా అనని మాట ముందే అనేసి నిలబడినాయి.
జనం చదువుకున్నారు.
ఎంత బాగా మౌనంగా ఉందో అనుకున్నారు.
నేను చూసింది ఆమె మెడ.
మెడ నటించడం లేదు.

ఆ మాటకు ముందు కుడిచెయ్యి
మూడో బొత్తానికి పోతుంది. రిహార్సలులో చూసినాను,
ఊడిపోతుంటే బిగించి కుట్టింది నేనే.
వెలుతురు అంచు దాకా వచ్చినాను.
నా కమీజుకు బొత్తాలు లేవు.
ఉన్నట్టే పట్టుకున్నాను.

చూసింది.
చెయ్యి కదిలింది.
చెయ్యి వెనకాలే మాట వచ్చింది.

ఆట అయినాక ఏమీ అనలేదు. గౌను విప్పిచ్చి
జోళ్ళు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది.
బయట ఉప్పుగాలి.
ఇస్త్రీని అరగంట నిలవనియ్యదు ఈ ఊరి సముద్రం.

మూడో రాత్రి సిరా కలం నా చేతిలో పెట్టింది,
ఖర్జూరం గింజ పెట్టినట్టే.
అస్తరులో జాగా ఎక్కడుంది?
చంక కింద, చెమటకు రంగు మారినచోట, ఇంత మిగిలింది.
మస్కట్ అని తెలుగులో రాసినాను.
ఏడాది అంకెల్లో వేసినాను.

పెట్టెకు అంటించే కస్టమ్స్ కాగితం షిజు నింపుతున్నాడు:
నల్లగౌను ఒకటి, వాడినది.
కొలత ఎంతక్కా, అన్నాడు.
ఏ ఏటిది, అన్నాను.